బరువెక్కిన బానెట్

"బానెట్ సరిగ్గా వేశావా, లేదా?"

కరుణాకుమారి ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. మూడుసార్లూ బెన్సన్ ఒకటే జవాబు చెప్పాడు.

"వేశానక్కా. ప్రభువు సాక్షిగా వేశాను. పడిన శబ్దం కూడా విన్నాను."

జూబ్లీ హిల్స్‌లో హీరో సిద్ధార్థ ఇంటి వెనకాల పనివాళ్ల గది అది. మంచం అంచున కూర్చున్న బెన్సన్ ఆ ఇంట్లో పదకొండేళ్లుగా డ్రైవరు. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న కరుణాకుమారి పందొమ్మిదేళ్లు ఇన్సూరెన్స్ సర్వేయరుగా పనిచేసింది. గుద్దుకున్న బళ్లు చూసీ చూసీ, వాటి ఓనర్లు చెప్పే అబద్ధాలు వినీ వినీ, ఆఖరికి ఆ అబద్ధాల మీదే బతుకుదామని యూసుఫ్‌గూడలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. బెన్సన్ భార్య తబిత చర్చిలో ఆవిడ పక్క వరసలో కూర్చునే మనిషి. నిన్న సాయంత్రం ఏడ్చుకుంటూ వచ్చి మొగుణ్ని కాపాడమంది.

కేసు చూస్తే చిన్నదే. సోమవారం ఉదయం ఆరూ పదికి బెన్సన్ సిద్ధార్థ పికప్ ట్రక్కు తీసుకుని ఫిల్మ్ నగర్ వైపు దిగుతున్నాడు. ఏటవాలులో ఉన్నట్టుండి బానెట్ లేచి అద్దం మీద పడింది. ముందేముందో కనపడలేదు. బ్రేకు వేసేలోపే పాలపాకెట్లు పట్టుకుని రోడ్డు దాటుతున్న వాచ్‌మన్ లక్ష్మయ్యకి బండి తగిలింది. కాలు రెండు చోట్ల విరిగింది. బెన్సన్ పారిపోలేదు, తనే ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి చేర్చాడు. పోలీసులు కేసు రాసి, స్టేషన్ బెయిలిచ్చి పంపేశారు. లక్ష్మయ్యకి ప్రాణభయం లేదు.

అంతవరకూ మామూలే. కానీ ఆ రోజు నుంచీ బెన్సన్‌ని ఇంటికి వెళ్లనివ్వడం లేదు. "నీ మంచికే" అని ఈ గదిలో ఉంచారు. ఇవాళ నాలుగు గంటలకల్లా సార్ పేరున ఒక క్షమాపణ ఉత్తరం మీద సంతకం పెట్టాలన్నారు. విరిగిన కాలుకి వైద్యం చేయిస్తే తీరిపోయే వ్యవహారానికి ఇంత కాపలా ఎందుకో కరుణాకుమారికి అంతుపట్టలేదు. అంతుపట్టనివి ఆవిడకి నిద్ర పట్టనివ్వవు.

"బానెట్ అసలెందుకు తీశావు?"

"సోమవారం సోమవారం ఇంజన్ ఆయిల్ చూస్తానక్కా. అలవాటు."

"తీసినప్పుడు ఏమన్నా తేడా కనిపించిందా?"

బెన్సన్ తల దించుకున్నాడు. "చెప్తే నవ్వుతారు."

"నవ్వను, చెప్పు."

"బరువనిపించింది. ఎప్పుడూ ఒంటిచేత్తో లేపేవాణ్ని. ఆ రోజు రెండు చేతులూ పట్టాల్సొచ్చింది. లేపాక కూడా నిలవలేదు, మెల్లగా కిందికి దిగిపోతోంది. భుజంతో ఆపుకుని చూశాను."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఆదివారమంతా ఉపవాస ప్రార్థనలో ఉన్నానక్కా. రాత్రి కూడా సరిగ్గా తినలేదు. నాకే నీరసమనుకున్నాను."

కరుణాకుమారికి కోపమూ జాలీ ఒక్కసారే వచ్చాయి. బండి బరువెక్కితే తన ఒంట్లో సత్తువ తగ్గిందనుకున్నాడు పిచ్చివాడు. ఏళ్ల తరబడి ఒకరి కింద చేతులు కట్టుకు నిలబడ్డవాడికి తప్పు ముందుగా తనలోనే కనపడుతుంది.

"అంతకుముందు ఎప్పుడు తీశావు ఆ బండి?"

"గురువారం. తర్వాత మూడ్రోజులు సెలవు."

"నువ్వడిగావా?"

"లేదక్కా, సారే ఇచ్చారు. శుక్రవారం పొద్దున్నే ఫోన్ చేసి సోమవారం దాకా రావద్దన్నారు. మా అమ్మ పోయినప్పుడు కూడా రెండ్రోజులే ఇచ్చారు, అదీ అడిగితే."

"ఫోన్ ఇలా ఇవ్వు."

శుక్రవారం వచ్చిన కాల్స్‌లో సిద్ధార్థ పేరు ముందుంది. ఉదయం ఆరూ పదిహేడు. ఏ సినిమా హీరో అయినా ఆ వేళకి డ్రైవరుకి సెలవివ్వాలని లేచి కూర్చోడు. కరుణాకుమారి ఆ అంకె చిన్న పుస్తకంలో రాసుకుంది.

తలుపు తట్టకుండానే తెరుచుకుంది. మడత నలగని తెల్లచొక్కాతో వీరరాఘవయ్య నిలబడి ఉన్నాడు. రిటైర్డ్ డీఎస్పీ. ఇప్పుడు సిద్ధార్థ ఇంటి రక్షణ వ్యవహారాలన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. పదేళ్ల కిందట ఒక లారీ కాలిపోయిన కేసుని ఆయన ప్రమాదమని మూసేస్తే, ఆవిడ రిపోర్టు దెబ్బకి దాన్ని మళ్లీ తెరవాల్సొచ్చింది. ఆ సంగతి ఇద్దరూ మర్చిపోలేదు.

"బాగున్నారా కరుణాకుమారి గారూ? కాలు విరిగిన కేసులు కూడా చూస్తున్నారన్నమాట."

"మీలాంటి పెద్దవాళ్లు చూస్తుంటే నాకేం నామోషీ అండీ? బండి చూడాలి."

"పోలీసులు చూశారు, బ్రేకు ఇన్‌స్పెక్టరు చూశాడు. ఆయిల్ చూసి బానెట్ సరిగ్గా వెయ్యలేదని తేల్చారు."

"తేలిపోయిన దాన్ని నేనోసారి చూస్తే మీకొచ్చే నష్టమేంటి?"

ఆయన వాచీ చూసుకున్నాడు. "పన్నెండూ అయిదు. పదిహేను నిమిషాలు. నేను పక్కనే ఉంటాను."

గ్యారేజీలో ఆ నల్లటి ట్రక్కు ఒక్కటే ఉంది. సిద్ధార్థ ముచ్చటపడి అమెరికా నుంచి తెప్పించుకున్నది. నిన్నరాత్రే కరుణాకుమారి ఆ మోడల్ వివరాలన్నీ చదివింది. రేకు మొత్తం అల్యూమినియం. ఆ కంపెనీ గొప్పగా చెప్పుకునేదే అది, ఉక్కు రేకులకంటే బండి తేలికవుతుంది, తుప్పనేది పట్టదు.

బానెట్ మధ్యలో వంగి ఉంది. వంగిన చోట రంగు పగిలింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆ పగులు మీదకి వంగింది. పగుల్లో సన్నగా ఎర్రటి గీత. గోటితో గీరితే గోటికి ఎర్రటి పొడి అంటింది.

"మంగళవారం వాన పడినప్పుడు బండి ఎక్కడుంది?"

"స్టేషన్ ఆవరణలో. వానలో తడిసింది పాపం," అన్నాడు వీరరాఘవయ్య.

తుప్పు. ఒక్కరోజు వానకే తుప్పు. కరుణాకుమారి మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. వంగి బానెట్ గడియ చూసింది. ఏ బండికైనా బానెట్‌కి రెండు పట్లుంటాయి. మొదటిది ఊడినా రెండో కొక్కెం బానెట్‌ని లేవనివ్వదు. ఇక్కడ రెండో కొక్కెం విరగలేదు, అసలు బిగించనే లేదు. అది ఉండాల్సిన చోట రెండు బోల్టు రంధ్రాలు మాత్రం ఉన్నాయి, వాటి అంచుల మీద రంగు చెక్కు చెదరలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ పాత అలవాటు ఊరుకోనివ్వలేదు. హ్యాండ్‌బ్యాగులోంచి రూపాయి బిళ్లంత అయస్కాంతం తీసింది. రంగు కింద పుట్టీ పూసి మోసం చేసేవాళ్లని పట్టుకోవడానికి సర్వేయర్లు దగ్గర పెట్టుకునేది. దాన్ని బానెట్ మీద పెట్టింది. ఠక్కున అతుక్కుంది.

ఎడమవైపు మడ్‌గార్డ్ మీద పెట్టింది. అతుక్కుంది. కుడివైపు మడ్‌గార్డ్ మీద పెట్టింది. జారి అరచేతిలో పడింది. తలుపు మీదా, టాపు మీదా అంతే, జారిపోయింది.

"బండికి అయస్కాంతం అంటుకోవడం కూడా నేరమేనా?" అన్నాడు వీరరాఘవయ్య నవ్వుతూ.

"కుడివైపు అంటుకోవడం లేదు చూడండి."

"అయితే?"

"ఒకే బండి, ఒకే కంపెనీ. ఎడమవైపు ఉక్కు, కుడివైపు అల్యూమినియం. మీకు వింతగా లేదా?"

"నాకు బళ్ల సంగతి తెలీదమ్మా. దొంగల సంగతి తెలుసు."

"నాకు రెండూ కొంచెం కొంచెం తెలుసండీ."

ఆయన నవ్వు ఆగిపోయింది. "టైమైపోయింది," అన్నాడు.

ఆవిడ వాచీ చూసింది. పన్నెండూ పదహారు. "ఇంకా నాలుగు నిమిషాలుంది."

"నా గడియారం ముందుంటుంది."

అప్పుడు తెలిసింది కరుణాకుమారికి తను చేసిన పొరపాటు. దొరికిన దాన్ని గుప్పిట్లో దాచుకోవాల్సింది పోయి, శత్రువు కళ్లముందే ఆరబెట్టింది. పందొమ్మిదేళ్ల అనుభవం ఉండి ఏం లాభమని తనని తానే తిట్టుకుంది.

"బెన్సన్‌ని నాతో తీసుకెళ్తాను," అంది.

"నిక్షేపంగా తీసుకెళ్లండి. మరి స్టేషన్లో అతనికి జామీను ఉన్నది మా మనిషే. వెళ్తే జామీను ఉండదు, ఉద్యోగమూ ఉండదు. ఏం బెన్సన్?"

గది గుమ్మంలో నిలబడ్డ బెన్సన్ నేల చూపులు చూశాడు.

"నేను మళ్లీ వచ్చేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు," అంది కరుణాకుమారి గట్టిగా.

బెన్సన్ తల ఊపాడు. ఊపేముందు ఒకసారి వీరరాఘవయ్య వైపు చూశాడు. ఆ చూపు ఆవిడకి నచ్చలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటా పదికి ఆవిడ ఫిల్మ్ నగర్‌లో నాని షెడ్డు ముందు కారు దిగింది. సినిమాల్లో పేలిపోయే బళ్లూ, లోయలో పడే బళ్లూ తయారుచేసేది నానీయే. అసలు బండిని క్లోజప్‌లకి వాడతారు, చావాల్సి వచ్చినప్పుడు నాని చేసిన డూప్ బండి చస్తుంది. సిద్ధార్థ కొత్త సినిమాలో అతని సొంత ట్రక్కే నటిస్తోందనీ, శనివారం దాని డూప్‌ని పేల్చేశారనీ సినిమా వార్తల్లో అందరూ చదివారు.

నాని ముప్పై అయిదేళ్లవాడు, చేతులనిండా పాత గాయాల మచ్చలు. ఆవిడ ఎవరో, ఎందుకొచ్చిందో చెప్పగానే టీ తెప్పించబోయినవాడు ఆగిపోయాడు.

"డూప్ బండి దేంతో చేశావు?"

"లోకల్ పికప్ ఛాసిస్ మీద ఇనుప రేకు కొట్టిన మేడం. ఒరిజినల్ మీద కొలతలు తీస్కొని, బోల్టు హోల్స్‌తోని సహా దించేసినం. ముంగట నిలబెడితే ఏది ఏదో గుర్తుపట్టరు."

"అసలు బండి అల్యూమినియం కదా. నువ్వూ దాంతోనే ఎందుకు చెయ్యలేదు?"

"గది మనోళ్లకి కొట్టరాదు. ఇనుప రేకు జర వేడిచేసి కొడితే మాట వింటది. అల్యూమినియం వినదు, పగుల్తది. నొక్కు పడితే తీసెటోడు గూడ మన దిక్కు ఎవ్వడు లేడు. కొత్త పార్టు బయటి దేశం నుంచి రావాలె. రెండు నెలలు పడ్తది."

"ఆర్డరిస్తే ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో కంపెనీ రాసుకుంటుంది కూడా."

"రాసుకుంటరు," అన్నాడు నాని, ఏమీ తోచక.

"బానెట్‌కి రెండో కొక్కెం ఎందుకు పెట్టలేదు?"

"పేలిపోయే బండికి గదెందుకు మేడం?"

అన్నాక తను ఏం ఒప్పుకున్నాడో నానికి అర్థమయింది. లేచి వెళ్లి షెడ్డు గేటు దగ్గరికి లాగి వచ్చాడు.

"సిద్ధార్థ బండి మీద ఇప్పుడున్న బానెట్టూ, ఎడమ మడ్‌గార్డూ నువ్వు కొట్టినవే," అంది కరుణాకుమారి. "ఆ బానెట్ లేవబట్టే లక్ష్మయ్య కాలు విరిగింది. నేరం బెన్సన్ మీద పడింది."

"నేనేం జెయ్యలే."

"చేశావనలేదు. చూశావు."

నాని స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"కథల గా బండి విలన్ ఫ్యాక్టరీది మేడం. బానెట్ మీద ఫ్యాక్టరీ బొమ్మ ఉండాలె. డూప్ మీద అయస్కాంతం షీటు పెడ్తే అతుక్కుంటది. ఒరిజినల్ మీద అతుక్కోదు, టేప్ వెయ్యాలె. నెల రోజుల సంది గదే పని నాకు. శనివారం పేల్చే ముందు డూప్ మీద షీటు పెట్టిన. జారి పడ్డది. మళ్ల పెట్టిన, మళ్ల పడ్డది. అప్పుడు సరిగ చూసిన. బానెట్ నాది గాదు. ఎడమ దిక్కు మడ్‌గార్డ్ నాది గాదు. రెండూ నొక్కుకుపోయి ఉన్నయ్."

"ఎవరికన్నా చెప్పావా?"

"తెల్లచొక్కా పెద్దసారు నా ఎనకనే ఉన్నడు. 'టేప్ వెయ్' అన్నడు. గంతే. వేసిన."

వంకర పోయిన అల్యూమినియం రేకులు డూప్ మీదకెళ్లాయి, నాని కొట్టిన ఉక్కు రేకులు అసలు బండి మీదకొచ్చాయి. సాక్ష్యం మొత్తాన్ని కెమెరాల ముందే, లైట్లు పెట్టి మరీ పేల్చేశారు. ఇంత పని చేశారంటే ఆ నొక్కు ఏ గేటుకో తగిలి పడింది కాదు.

"రేకులు ఎప్పుడు మార్చారు?"

"శుక్రవారమే అయ్యుంటది. ఆ రోజు షెడ్డుల ఎవ్వలం లేం."

"ఏం?"

నాని గొంతు తగ్గింది. "ప్రణతి అని మా కాస్ట్యూమ్స్‌ల పనిచేసే పిల్ల మేడం. యూసుఫ్‌గూడనే. శుక్రవారం పొద్దుగాల అయిదూ నలభైకి స్కూటీ మీద షూటింగ్‌కి వస్తుంటే ఏదో బండి గుద్ది ఆగకుండ పోయింది. గాడనే పానం పోయింది. ఇంకా ఎవరో తెల్వలేదంటున్రు. పన్నెండింటికి పెద్దసారు వచ్చి, అందరు దవాఖానకి పోర్రి, సాగనంపినంకనే రార్రి, షెడ్డు తాళంచెవి నాకిచ్చి పోర్రి అన్నడు. ఎంత మంచోడో అనుకున్నం."

కరుణాకుమారి చిన్న పుస్తకం తెరిచింది. అయిదూ నలభైకి ప్రణతి. ఆరూ పదిహేడుకి బెన్సన్‌కి సెలవు. మధ్యలో ముప్పై ఏడు నిమిషాలు.

"శనివారం షాటుకి ముందు ప్రణతి కోసం యూనిట్ మొత్తం రెండు నిమిషాలు నిలబడ్డం," అన్నాడు నాని. "సిద్ధార్థ సార్ గూడ నిలబడ్డడు. గా బండి పక్కనే. కండ్లు తుడ్సుకున్నడు. తర్వాత బటన్ నొక్కిర్రు."

కరుణాకుమారి ఆ మాట కూడా పుస్తకంలో రాసుకుంది.

నాని లోపలికెళ్లి ఒక గుడ్డమూట తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. విప్పితే పిడికెడు తెల్లటి లోహపు గడ్డ, అడుగున మట్టి అంటుకుని ఉంది.

"బండి కాలినకాడ నేల మీద కరిగి గడ్డ కట్టింది. ఇనుము గట్ల కరగదు మేడం. ఎందుకో పారెయ్య బుద్ధి కాలే."

"ఇదంతా పోలీసులకి చెప్తావా?"

"పెద్దసారు కూడ పోలీసాయనే గద."

"ఒకప్పుడు. నువ్వు చెప్పకపోతే ప్రణతి ప్రాణం కూడా బెన్సన్ మెడకే చుడతారు. అతన్ని కాపాడ్డానికి అన్నదమ్ములెవరూ లేరు, భార్య ఒక్కతే."

నాని పాతగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "నాలుగింటికి వస్త మేడం. గిప్పుడే చెప్పు, నా మనసు మారకముందే ఏ స్టేషన్‌కి రావాల్నో."

స్టేషన్ చిరునామా రాసిచ్చి, అతను చెప్పినదంతా ఫోన్లో రికార్డు చేయించి, షెడ్డులో మిగిలిన కొలతల అట్టలకి ఫొటోలు తీసుకుని, సంతకం చేయించుకునేసరికి మూడు దాటింది. కారులో కూర్చుని బెన్సన్‌కి ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. స్విచాఫ్.

మూడూ ఇరవైకి తబిత నుంచి ఫోన్ వచ్చింది. గొంతులో నిన్నటి ఏడుపు లేదు.

"అక్కా, థ్యాంక్సక్కా. సంతకం పెట్టేశాడంట, ఇంక గొడవ లేదంట."

"పెట్టొద్దని చెప్పాను కదా."

"మీరే ఒప్పుకున్నారని ఆ పెద్దాయన చెప్పారంటక్కా. అందుకే పెట్టాడు. ఉత్తరం ఇంగ్లీషులో ఉందని, మీకు చూపించమని ఫొటో తీసి పంపాడు. నాకా ఇంగ్లీషు రాదు. ఉద్యోగం పోదు కదక్కా?"

"ముందు ఆ ఫొటో పంపు."

ఫొటో వచ్చింది. టైపు చేసిన నాలుగు వాక్యాలు, కింద బెన్సన్ సంతకం. కరుణాకుమారి మొదటి వాక్యం చదివింది. సార్‌కి చెప్పకుండా బండి బయటికి తీశానని ఉంది. తేదీ సోమవారంది కాదు, శుక్రవారంది. రెండో వాక్యంలో స్కూటీ మీద వెళ్తున్న అమ్మాయిని గుద్ది పారిపోయానని ఉంది. మూడో వాక్యంలో సార్‌కి ఏ పాపమూ తెలియదని ఉంది. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో నిలవదు, యజమానికి రాసుకున్న ఉత్తరమైతే నిలుస్తుంది. ముప్పై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసినవాడికి ఆ తేడా బాగా తెలుసు.

"తబితా, బెన్సన్ ఇప్పుడెక్కడున్నాడు?"

"పేపరువాళ్లు వస్తారని నాలుగు రోజులు వికారాబాద్ దగ్గర ఫామ్‌హౌస్‌లో ఉంచుతారంటక్కా. మూడింటికే బయల్దేరారు."

"ఎవరితో?"

తబిత నవ్వింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది పిచ్చిపిల్ల.

"పెద్దాయనే స్వయంగా తీసుకెళ్తున్నారు. కారు కూడా ఆయనే నడుపుతున్నారంట. ఈయన్ని స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదంట, పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నారంట. పదకొండేళ్లలో ఆ ఇంట్లో ఇంత మర్యాద ఎప్పుడూ చెయ్యలేదక్కా."

కరుణాకుమారి కారు స్టార్ట్ చేస్తూ నాలుగో వాక్యం చదివింది.

'ఈ పాపం మొయ్యలేక పోతున్నాను, నా చావుకి ఎవరూ బాధ్యులు కారు.'